నేల మీద యాభై నిమిషాలు

పాండీశ్వరికి తన తోడికోడలి మీద అసూయ అని ఎవరైనా అంటే ఆమె ఒప్పుకోదు. "నాకేం అసూయ? దాని పాటికది, నా పాటికి నేను" అంటుంది. అంటూనే చేతిలో గిన్నె ఠంగుమని గట్టు మీద పెడుతుంది. కోవిల్‌పట్టిలో వాళ్ళ వీధి వీధంతా ఆ చప్పుడు విని, ఈ పూట చిన్నకోడలిని ఎవరో మెచ్చుకున్నారని తెలుసుకునేది.

అయినా మండదా చెప్పండి? ప్లస్‌టూ ముగించగానే విరుదునగర్ పెరియసామి నాయుడి బస్సు కంపెనీలో చేరింది పాండీశ్వరి. కోవిల్‌పట్టి టికెట్ కౌంటర్లో కూర్చుని, ఎండకు ఎండి, కండక్టర్లతో అరిచి, గొంతు బొంగురు చేసుకుంది. నాయుడుగారు ఉన్నట్టుండి విమానాలు బాడుగకు తెచ్చి, ఇక్కడి నల్లరేగడి నేల పేరుతో 'కరిసల్ ఎయిర్‌వేస్' అని పేరు పెట్టినప్పుడు ఊరంతా నవ్వింది. బస్సులోడికి విమానమేమిటి, రెక్కలకు కూడా హారన్ కట్టిస్తాడా అన్నారు. అప్పుడు తూత్తుకుడి పక్కన వాగైకుళం విమానాశ్రయంలో కౌంటర్ తెరవడానికి ఆయన నమ్మి పంపింది ఎవరిని? పాండీశ్వరిని. ఎవరు ఏ పెట్టె తెస్తారు, విమానం ఎంతసేపు నిలబడాలి, ఎక్కించేది ఎట్ల, దించేది ఎట్ల, అన్నీ తడుముకుంటూ నేర్చుకుంది. నేర్చుకుని, అక్కడినించి విరుదునగర్ హెడ్డాఫీసుకు ఎక్కింది. విమానాల టైములన్నీ ఆమె చేతి మీద నడిచేవి.

ఇంతలో మరిది సతీష్‌కుమార్‌కి పెళ్ళయింది. వచ్చిన పిల్ల కార్తిక. విరుదునగర్ పిల్లే, కానీ కోయంబత్తూరులో విమానాల వ్యాపారం మీదే పెద్ద చదువు చదివి, బెంగుళూరులో ఒక పెద్ద కంపెనీలో పనిచేసి వచ్చింది. నాయుడుగారి చెవిన పడింది. "మన ఇంటి పిల్లను ఊరివాళ్ళ దగ్గర ఎందుకు వదలాల?" అని పిలిచి కూర్చోబెట్టాడు. ఎక్కడ? తన గది పక్క గదిలో! పాండీశ్వరి మాత్రం ఇప్పటికీ హాల్లో, జిరాక్స్ మిషను పక్కన. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని పెద్దలు ఊరికే అన్నారా?

ఇద్దరూ రోజూ ఒకే ఆఫీసు కారులో కోవిల్‌పట్టినించి విరుదునగర్‌కు పోయేది. "ఏసీ తగ్గించేదా మేడమ్?" అని డ్రైవర్ అడిగేది కార్తికని. ఇంటికొస్తే అత్త పొన్నమ్మాళ్, "పాపం పిల్ల, తల పనిచేసి పనిచేసి వాడిపోయింది" అని వేడివేడి కాఫీ ముందు దానికే. మరి పెద్దకోడలి తల? అది కొబ్బరికాయా? ఆ పిల్ల ఎంత తిన్నా ఒళ్ళు రాదు. కోపం రాదు. ఎదురు చెప్పదు. కనీసం ఒక్క చెడ్డగుణం ఉంటే దాన్ని పట్టుకుని వేలాడొచ్చు, అదీ లేదు. పాండీశ్వరికి నిజంగా ఒళ్ళు మండిపోయేది ఇక్కడే.

ఆ ఏడు వినాయక చవితి ముందు నాయుడుగారు ఇద్దరినీ గదిలోకి పిలిచాడు. మోకాళ్ళ నొప్పులతో కాళ్ళు స్టూలు మీద చాపుకుని ఉన్నాడు.

"చూడండమ్మా. చెన్నై లైన్లో పెద్ద కంపెనీ దిగతా ఉండాది. వాడిది పెద్ద విమానం, మనది చిన్నది. వాడు టికెట్ రేటు పడేస్తే మనం తట్టుకోలేము. దీనికి దారేమో మీరు చెప్పాల. ఇంకో మాట, నాకు ఇంక ఓపిక లేదు. దీపావళి లోపల మీ ఇద్దరిలో ఒకరికి ఈ విమానాల వ్యాపారం అంతా అప్పగించేస్తాను. జనరల్ మేనేజర్ అని బోర్డు పెడతాను. నేను బస్సులు చూసుకుంటా కూర్చుంటాను."

ఆ మాట పాండీశ్వరి గుండెలో దిగింది. జనరల్ మేనేజర్! గది, బోర్డు, బోర్డు మీద పేరు. అత్త ఆ బోర్డు చదవాలి. వీధి మొత్తం చదవాలి. అన్నిటికన్నా ముందు కార్తిక చదవాలి, రోజూ, లోపలికి వచ్చేటప్పుడు ఒకసారి, పోయేటప్పుడు ఒకసారి. ఈ కుర్చీ తనది కాకపోతే తను ఇన్నేళ్ళు పడ్డది కష్టమే కాదు, వట్టి ఉడికి చావడమే అనుకుంది.

ఆమె చెప్పిన దారి పాతదే. మనం వాళ్ళతో పోటీకి పోవద్దు, మన యాపారులు మనల్ని వదలరు, మర్యాదగా చూసుకుందాం, టైము తప్పకుండా నడుపుదాం అంది. నాయుడుగారు "ఊఁ" అన్నాడు.

కార్తిక లేచి కంప్యూటర్ తెరిచింది. "అయ్యా, విమానం ఎగిరినా ఎగరకపోయినా బాడుగ ఒకటే. మీరే అంటారు కదా, స్టాండులో నిలబడిన బస్సు మొదలాళిని, యజమానినే తింటుందని. మన విమానం వాగైకుళంలో దిగినప్పుడల్లా యాభై నిమిషాలు నిలబడతా ఉండాది. ఇట్లాంటి చిన్న విమానాన్ని బయట ఇరవైఐదు నిమిషాల్లో తిప్పి పంపుతారు. మనమూ అట్ల తిప్పితే, మిగిలిన టైములో అదే విమానం, అదే బాడుగతో సాయంత్రం బెంగుళూరుకు ఒక ట్రిప్పు పోయి రావచ్చు. ఆ లైన్లో పెద్ద కంపెనీ లేదు. చెన్నైలో వాళ్ళు రేటు తగ్గించినా, మన నష్టం బెంగుళూరు పూడుస్తుంది."

నాయుడుగారు ఈసారి "ఊఁ" అనలేదు. కాళ్ళు స్టూలు మీదినించి దించి ముందుకు వంగాడు. "ఔరా! మనకు ఇది తోచలేదే" అన్నాడు. "మనకు" అంటూ చూసింది ఎవరి వంక? పాండీశ్వరి వంక. పుండు మీద కారం అంటే అదే.

ఆ సాయంత్రం కారులో సాత్తూరు దాటుతుండగా కార్తిక అడిగింది.

"అక్కా, ఒక్క సంగతి నీ దగ్గర అడగాల. ఆ యాభై నిమిషాలు ఎవరు పెట్టినారు? ఎందుకు పెట్టినారు? నేను మూడేండ్ల రికార్డులు చూసినాను. యాడా ఆలస్యం లేదు. కారణం కనపడలేదు."

కారణం పాండీశ్వరికి తెలుసు. తెలియడమేమిటి, ఆ యాభై పెట్టిందే ఆమె!

సంగతేమంటే, కోవిల్‌పట్టి అంటే అగ్గిపెట్టెల ఊరు. ఇక్కడి యాపారి ఎవరింటికీ, ఏ కొనుగోలుదారు దగ్గరికీ వట్టి చేతులతో పోడు. తన లేబుల్ ముద్రించిన అగ్గిపెట్టెల బండిల్ ఒకటి తీసుకుపోయి ఇస్తే అది మర్యాద. పెళ్ళికి పోయినా అంతే, పరామర్శకు పోయినా అంతే. విమానంలో అగ్గిపెట్టె ఎక్కనివ్వరని బోర్డు ఉంటుంది, అది వాళ్ళూ చదువుతారు. చదివి, "మనది సేఫ్టీ మ్యాచెస్ కదా, పేరులోనే సేఫ్టీ ఉండాదే" అని పంచెల మడతల్లో పెట్టుకుంటారు. మిషను పట్టేస్తుంది. పెట్టె పక్కకు తీస్తారు. ఆ మనిషిని లోపలినించి పిలిపిస్తారు. ఆయన వచ్చి, తాళంచెవి వెతికి, పెట్టె తెరిచి, "మా తాత కాలం లేబుల్ సార్ ఇది" అని ఆఫీసర్‌కి చరిత్ర చెబుతాడు. ఇక దీపావళి ముందు అగ్గిపెట్టెలతో పోదు. శివకాశి పక్కవాళ్ళు చెన్నైలో కూతురింటికి టపాకాయల గిఫ్ట్ బాక్సు చీరల మధ్య చుట్టి తెస్తారు.

అందుకని పాండీశ్వరి రెండు పనులు చేసింది. విమానం నేల మీద ఉండే టైము పెంచింది. వాకిట్లో ఇసక్కిసెల్వి అనే కౌంటర్ పిల్లను నిలబెట్టింది. ఆ పిల్ల వచ్చే ప్రతి పెట్టెనూ చూసి, "అన్నా, అగ్గిపెట్టె ఉండాదా? ఇచ్చేయండి అన్నా, సాగనంపను వచ్చినోళ్ళ చేతికి ఇచ్చి పంపిస్తాను" అని బుజ్జగించి తీయించేది. ఆ పిల్ల కంటపడకుండా దాటినవి మిషను పట్టినా, ఆ యాభై నిమిషాల్లో సర్దుకునేది. అందుకే రికార్డులో ఆలస్యం లేదు. ఆలస్యమే లేని చోట దాని కారణం ఎవరికి కనబడుతుంది?

ఇదంతా ఒక్క నిమిషంలో చెప్పేయొచ్చు. పాండీశ్వరి నోటి చివరిదాకా వచ్చింది కూడా. కానీ మధ్యాహ్నం నాయుడుగారు అన్న "ఔరా" చెవిలో మోగింది. చెబితే ఏమవుతుంది? ఈ పిల్ల దాన్ని కూడా కంప్యూటర్లో ఎక్కించుకుని, ఇంకో దారి కనిపెట్టి, ఇంకో "ఔరా" కొట్టేస్తుంది. నా చెమట, దాని పేరు. ఎందుకు చెప్పాల?

"ఏమో కార్తికా" అంది పాండీశ్వరి కిటికీలోంచి చూస్తూ. "మొదటినించీ అంతే."

"అయితే తగ్గించొచ్చా అక్కా?"

"చదువుకున్నదానివి. నీకు తెలియనిదా?"

కార్తిక తలూపింది. నమ్మేసింది. నమ్మిన మొహం చూస్తే పాండీశ్వరికి కాస్త కలుక్కుమంది. ఆ కలుక్కు కోవిల్‌పట్టి చేరేలోపలే సద్దుమణిగింది.

చవితి అయిన వారానికి కొత్త టైములు మొదలయ్యాయి. విమానం దిగడం, దులపడం, ఎక్కించడం, ఎగరడం, అంతా ఇరవైఐదు నిమిషాలే. జనం తొందరగా ఎక్కాలని కార్తిక ఇసక్కిసెల్విని వాకిట్లోంచి తీసి లోపల గేటు దగ్గర పెట్టింది. ఆ మార్పు కాగితం పాండీశ్వరి టేబుల్ మీదికి వచ్చింది. చూసింది. చూసి సంతకం పెట్టింది. నోరు మాత్రం విప్పలేదు.

ఇక జరగబోయే గొడవ కోసం ఎదురుచూడటం మొదలుపెట్టింది. అదేం ఖర్మో, గొడవ రాలేదు! యాపారుల పెట్టెలు అప్పుడొకటి ఇప్పుడొకటి పట్టుబడినా విమానం ఎట్లానో ఎగిరిపోయేది. బెంగుళూరు ట్రిప్పు నిండసాగింది. పెద్ద కంపెనీ చెన్నై రేటు తగ్గించింది, అయినా కరిసల్ ఎయిర్‌వేస్ నిలబడింది. నాయుడుగారు ఆఫీసంతటికీ శ్రీవిల్లిపుత్తూరు పాల్‌కోవా తెప్పించి పంచాడు. పాండీశ్వరి వాటా ఆమె నోట్లో వేపపిండిలా తిరిగింది.

"నీ తోడికోడలు సామాన్యురాలు కాదు పాండీ" అన్నాడు ఆయన.

"అవునయ్యా" అంది పళ్ళ బిగువున.

ఇంట్లో ఇంకా ఘోరం. పొన్నమ్మాళ్ కనబడిన ప్రతి ఒక్కరికీ చెప్పేది. "మా చిన్నది విమానాన్ని బెంగుళూరుకు పంపించింది." తోసి పంపించిందా ఏం? పాండీశ్వరి ఇన్నేళ్ళూ విమానాలు పంపలేదా, గాలిపటాలు ఎగరేసిందా?

చెప్పకూడదు గానీ, ఒక శుక్రవారం ఆమె సెణ్బగవల్లి అమ్మవారి గుడికి పోయి దణ్ణం పెట్టుకుంది. ఏమని? తల్లీ, ఒక్కరోజు, ఒకే ఒక్కరోజు విమానం ఆలస్యం చెయ్యి అని. లోకంలో ఎవరైనా తాము అన్నం తినే కంపెనీ మీద ఇట్లా మొక్కుకుంటారా? కళ్ళల్లో నిప్పులు పోసుకున్నవాళ్ళకు దారి కనబడదు. తన మొక్కు తనకే సిగ్గనిపించి, కర్పూరం హారతి కళ్ళకద్దుకోకుండానే వచ్చేసింది.

అమ్మవారు విన్నదో, దీపావళి దగ్గరపడిందో. పండగకు ముందు శుక్రవారం పాండీశ్వరి "కౌంటర్ చూసొస్తాను" అని చెప్పి తనే వాగైకుళం పోయింది. చూడాలని ఉంది. అంతే, ఉన్నమాట.

పొద్దుటి విమానానికే మొదలైంది. వాకిట్లో అడిగే మనిషి లేదు. పెట్టెలన్నీ నేరుగా మిషనులోకి పోయాయి. ఒకటి పక్కకు వచ్చింది. ఇంకొకటి. తరవాత వరసగా. టపాకాయల బాక్సులు, అగ్గిపెట్టెల బండిళ్ళు, మతాబులు. ఒక పెద్దాయన తన పెట్టెలోది తీయనంటే తీయనన్నాడు. "అల్లుడికి తొలి దీపావళి. వట్టి చేతులతో పోయేదా? నువ్వు పోతావా?" అని ఆఫీసర్‌ని నిలదీశాడు. ఎక్కినవాళ్ళను పేరు పెట్టి పిలిచి దించుతున్నారు. దిగినవాళ్ళు మళ్ళీ ఎక్కేలోపల ఇంకొకరిని పిలుస్తున్నారు. పొద్దుటి ఆలస్యం మధ్యాహ్నానికి పెరిగింది, మధ్యాహ్నపుది సాయంత్రానికి ఇంకా పెరిగింది. చివరికి బెంగుళూరు పోవాల్సిన జనమంతా వచ్చి కూర్చున్నాక పైలట్లు చేతులెత్తేశారు. రోజుకు ఇంతసేపే నడపాలని వాళ్ళకు కట్టుబాటు, అది అయిపోయింది. బెంగుళూరు ట్రిప్పు రద్దు.

ఆ మాట మైకులో చెప్పగానే జనం లేచారు. పాండీశ్వరి ఒక మూల నిలబడి చూస్తూ ఉంది. మొదట ఆమెకు కలిగింది సంతోషమే. అబద్ధం ఎందుకు, ఒళ్ళంతా చల్లబడింది. తరవాత ఎవరో ఇసక్కిసెల్వి మీదికి నీళ్ళ సీసా విసిరారు. అది ఆ పిల్ల భుజానికి తగిలింది. ఆ పిల్ల ఏడ్చుకుంటూ వచ్చి పాండీశ్వరి చెయ్యి పట్టుకుంది.

"అక్కా, ఈ అగ్గిపెట్టెల కోసమే కదా మీరు నన్ను వాకిట్లో పెట్టినారు? దీని కోసమే కదా యాభై నిమిషాలు పెట్టినారు? మీకు తెలుసు కదా అక్కా. మరి ఏమిటికి తీసేసినారు?"

పాండీశ్వరి తల తిప్పింది. రెండడుగుల దూరంలో కార్తిక నిలబడి ఉంది. విరుదునగర్‌నించి ఆ పూటే పరిగెత్తుకుని వచ్చింది, జుట్టు రేగి ఉంది. విన్నదా? వినలేదా? మొహంలో ఏమీ తెలియలేదు. "అక్కా, నువ్వు ఆ పక్క జనాన్ని చూడు, నేను ఈ పక్క చూస్తాను" అని మాత్రం అంది. అని జనంలోకి పోయింది. తిట్లన్నీ తనే తిన్నది. అందరికీ బస్సులు మాట్లాడింది. నాయుడుగారి బస్సులే.

ఆ తరవాత రెండురోజులు పాండీశ్వరికి అన్నం సయించలేదు. విని ఉంటే చెప్పేస్తుంది. ఎవరైనా చెప్పేస్తారు. తనైతే ఎప్పుడో చెప్పేసేది.

సోమవారం నాయుడుగారు పిలిచాడు. ఈసారి కాళ్ళు స్టూలు మీద లేవు.

"తప్పు నాదేనయ్యా" అంది కార్తిక, ఆయన అడగకముందే. "కంప్యూటర్ చూసి టైము తగ్గించినాను. కౌంటర్ దగ్గర నిలబడి చూడలేదు. మనవాళ్ళు అగ్గిపెట్టె లేకుండా ఊరు దాటరని నాకు తోచలేదు. వాకిట్లో పిల్లను తీసిందీ నేనే."

"ఆ యాభై నిమిషాలు ఎందుకని ఎవరినీ అడగలేదా?"

"అడిగినాను."

"ఎవరిని?"

"అక్కని."

"ఏం చెప్పింది?"

"మొదటినించీ అంతే అని చెప్పింది."

నాయుడుగారు కుర్చీ తిప్పాడు. "పాండీ, వాగైకుళం కౌంటర్ తెరిచింది నువ్వు. ఆ టైము పెట్టినప్పుడు ఉండింది నువ్వు. ఒక్క మాట చెప్పమ్మా. అగ్గిపెట్టెల సంగతి నీకు తెలుసా, తెలియదా?"

అప్పుడు తెలిసింది పాండీశ్వరికి, తను ఎక్కడ నిలబడి ఉందో. ముందు నుయ్యి, వెనక గొయ్యి. తెలుసంటే, తెలిసీ చెప్పకుండా కంపెనీని ముంచావా అని ఆయన ఇప్పుడే, ఇక్కడే, తలుపు చూపిస్తాడు. తెలియదంటే? తెలియదంటే ఆమె ఎవరు? ఆ కౌంటర్లో ఏ పెట్టెలో ఏముంటుందో వాసన చూసి చెప్పగల మనిషి ఆమె. పెద్ద చదువు లేదు, ఇంగ్లీషు తడబడుతుంది, కంప్యూటర్ చూస్తే చెమట పడుతుంది. ఆమెకున్న ఆస్తంతా ఆ తెలియడమే. ఆ ఒక్కటీ ఇప్పుడు తన నోటితో తనే లేదనాలి. అదీ ఎవరి ముందు? కార్తిక ముందు!

కార్తిక వంక చూసింది. ఆ పిల్ల టేబుల్ వంక చూస్తోంది.

"తెలియదయ్యా" అంది పాండీశ్వరి.

ఇప్పుడు చెబుతుంది, ఇదిగో చెబుతుంది అని పాండీశ్వరి కాచుకుంది. కార్తిక నోరు విప్పలేదు.

నాయుడుగారు పాండీశ్వరినే చూశాడు. ఆయన కళ్ళల్లో కోపం లేదు, అది ఉన్నా బాగుండేది. "ఇన్నేండ్లు అక్కడ కూర్చుని, నీ చేత్తో నువ్వు పెట్టిన టైము ఎందుకో నీకు తెలియకపోతే, నేను నీకు ఇంత పెద్ద యవ్వారం ఎట్ల అప్పగించేదమ్మా?" అన్నాడు. "ఈ పిల్ల తప్పు చేసింది. కానీ ఏం తప్పు చేసిందో దానికి తెలుసు. అడగాలని కూడా తెలుసు. కార్తికా, రేపటినించి నువ్వే చూసుకో. పాండీ, నువ్వు నీ పనిలో నువ్వు ఉండు."

అయిపోయింది. గది దానిది, బోర్డు దానిది.

సాయంత్రం ఇద్దరూ కారెక్కారు. సాత్తూరు వచ్చింది, దాటింది. నల్లరేగడి చేలు రెండు పక్కలా పరుచుకుని ఉన్నాయి. పాండీశ్వరే ఆగలేకపోయింది.

"ఆ రోజు ఇసక్కిసెల్వి చెప్పింది నువ్వు విన్నావు కదూ?"

"విన్నానక్కా."

"మరి లోపల ఎందుకు చెప్పలేదు?"

"చెప్పుంటే నిన్ను పంపించేసేవాడు. నువ్వు లేకపోతే ఆ కౌంటర్ సంగతి నాకు ఎవరు చెబుతారు? నాకు తెలియనివి ఇంకా ఎన్ని ఉండాయో." చేల వంక చూస్తూ అంది. "కోపం రాలేదని చెప్పనక్కా. శుక్రవారం చాలా వచ్చింది. నన్ను అడిగుంటే ఆ కుర్చీ నీకే వదిలేసేదాన్ని. ఇప్పుడు అది కూడా కుదరదు."

పాండీశ్వరి ఆ మాట మింగలేకపోయింది, కక్కలేకపోయింది. ఆ పిల్ల అరిచి ఉంటే తనూ అరిచేది. తిట్టి ఉంటే, చూశారా దీని అసలు బుద్ధి అని వీధికి చెప్పుకునేది. ఏదీ మిగల్చలేదు.

ఇంటికి చేరేసరికి కబురు ముందే చేరింది. పొన్నమ్మాళ్ గుమ్మంలోనే చిన్నకోడలికి దిష్టి తీసింది. ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసి, పెద్దకోడలి వైపు తిరిగింది. మనసులో ఉన్నది దాచుకునే అలవాటు ఆ ముసలమ్మకు ఎప్పుడూ లేదు.

"ఏమే పెద్దదానా, ఇన్నేండ్లు ఆ విమానాల దగ్గర నువ్వు ఏం చూసినావే? ఏం నేర్చినావే? నిన్న మొన్న వచ్చింది, కుర్చీ తీసుకునింది. నీకు ఏమీ తెలియదని మొదలాళి నోటితోనే చెప్పినాడంటనే."

పాండీశ్వరి చెప్పులు విప్పుతూ అట్లాగే ఉండిపోయింది. ఇప్పుడు నవ్వుతుంది కార్తిక. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు నవ్వుతుంది? నవ్వాలి. ఒక్క చిన్న నవ్వు నవ్వితే చాలు, పాండీశ్వరి దాన్ని పట్టుకుని బతికేస్తుంది. ఇదిగో, ఇదీ దీని గుణం అని చచ్చేదాకా చెప్పుకుంటుంది.

కార్తిక దిష్టి పొగలోంచి ఇవతలకు వచ్చింది. "అట్ల అనొద్దత్తా" అంది నెమ్మదిగా. "అక్కకు తెలియనిది ఆ లైన్లో ఒక్కటీ లేదు. నాకు తెలుసు."

అని, పాండీశ్వరి చేతిలోని సంచీ తను అందుకుని లోపలికి పోయింది.

పాండీశ్వరి వంటింట్లోకి పోయి కొళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత చెబుతారు. సామెత చెప్పినవాళ్ళకు ఏం తెలుసు? పాండీశ్వరి ఏడ్చింది తోడికోడలు నవ్వనందుకు.